గట్టు తెగిన మార్కులు

ముందూవెనకలు తారుమారైతే ఏమీ అనుకోవద్దు. యుద్ధం జరుగుతున్న రోజులన్నది మటుకు నిజం, ఎందుకంటే కిరసనాయిలు దొరక్క పగటి వెలుతురులోనే చదువుకునేదాన్ని. మాది గురజాల. యూనివర్సిటీలో చేరాలంటే ముందు మెట్రిక్ ప్యాసవ్వాలి. ఇంట్లోనే చదివి ప్రైవేటుగా రాస్తానంటే మా నాన్న వెంకట్రామయ్య ఒక్కసారికి సరేనన్నాడు. తప్పితే పుస్తకాలు ఎవరికన్నా ఇచ్చేసి ఊరుకోవాలి. తెలుగు, చరిత్ర నాకు నోటికొచ్చు. లెక్కలు చూస్తే కళ్లు తిరిగేవి. ఒకదాంట్లో తగ్గితే ఇంకోదాంట్లో ఎక్కువొచ్చిన మార్కులు తెచ్చి కలుపుతారా, లేక దేనికదేనా? అది తెలిస్తే మిగిలిన రోజులు ఎట్లా చదవాలో తేల్చుకోవచ్చు.

మా వీధిలో ఆ పరీక్ష రాసొచ్చిన మనిషి బ్రహ్మయ్య బాబాయి ఒక్కడే. ప్యాసయ్యాడో లేదో ఎవరూ అడిగినట్టు లేదు, ఆయన చెప్పే తీరు చూస్తే అడగాలనిపించేది కాదు. ఒక సాయంత్రం పోయి అడిగాను. ఆయన నాపరాళ్ల అరుగు మీద బట్టలు కుట్టే ఖాసిం, సున్నపుబట్టీ సుబ్బారావు కూర్చొని ఉన్నారు. గడప లోపల బాబాయి భార్య ఆదిలక్ష్మమ్మ పిన్ని కందులు చెరుగుతున్నది.

“మంచి మాట అడిగావమ్మాయ్, కూర్చో. నడికుడిలో రైలెక్కి గుంటూరులో దిగా. మొదటి పూట తెలుగు పేపరు. అందరూ ఇంకా కలాల్లో సిరా పోసుకుంటంటే నేను సగం రాసేశా. అదేం గొప్ప కాదు, చెయ్యి తిరిగినోడెవడన్నా రాస్తాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కాగితాలు చాల్లా. ఇంకో నాలుగు అడిగా, ఇచ్చారు. ఇంకో దస్తా అడిగా, ఇచ్చారు. చివరికి కాపలా ఉన్న అయ్యవారు బండి కట్టించి బజారుకి పంపిస్తే, గుంటూరు కొట్లల్లో తెల్లకాగితం అనేది లేకుండా పోయింది. ఆ ఏడు జనం శుభలేఖలు తాటాకుల మీద రాసుకున్నారంటే అది నా మూలానే.”

ఖాసిం సూదిలో దారం ఎక్కిస్తూ, తన పెళ్లి ఆ ఏడే జరిగిందనీ కాగితం బాగానే దొరికిందనీ అన్నాడు. మీది మాచర్ల కాగితం అయ్యుంటదని బాబాయి దాటేశాడు.

“కృష్ణానదిని వర్ణించమన్నారు. సత్రశాల కాడ రాళ్ల మీద నీళ్లు విరిగిపడే చప్పుడు రాశా. రాసేసరికి హాల్లో ఎవరో కాళ్లు పైకి తీసుకున్నారు. ఏందా అని చూస్తే కింద తడి. ఇంకో వాక్యం రాశా, మోకాటి లోతు. బల్లలు మెల్లగా లేచి తేలినయ్. ఒక్కడన్నా అరవలా అమ్మాయ్, అంత చల్లగా ఉన్నయ్ నీళ్లు. పిల్లకాయలు కలాలు పక్కన పెట్టి బల్లల మీద పడుకున్నారు. బల్లలు ఒక్కటొక్కటే కిటికీల్లోంచి బయటికి పోయి, మిద్దెల మీదగా, మిరప తోటల మీదగా పోతా ఉన్నయ్. పైన కొంగలు, నీళ్లల్లో కొంగల నీడలు. నేనొక్కణ్ణే రాస్తా ఉన్నా, నా కలం ఆగితే నది ఆగిద్దని.”

అక్కడ ఆయన మాట ఆపాడు. బట్టీల నుంచి వచ్చే బండి ఒకటి తెల్లటి దుమ్ము రేపుకుంటూ వీధిలో పోయింది. వానలు మొహం చాటేసిన ఏడు అది. ఆ నీళ్లు మాకందరికీ కనపడ్డాయి. సుబ్బారావైతే తెలియకుండానే కాళ్లు అరుగు మీదికి తీసుకున్నాడు. కాసేపటికి తేరుకుని, ఆ పిల్ల అడిగింది మార్కుల సంగతి కదా అన్నాడు.

“ఆడికే వస్తన్నా. తెలుగుకి నూరు మార్కులు. నూరంటే ఏంది, గట్టు. నా కాగితాలు దిద్దిన పండితుడు నూరూ వేసినా ఇంకా మార్కులు మిగిలినయ్, ఆయన మాత్రం ఏం చేస్తాడు? గట్టు తెగింది. ఎగువ మడి నిండితే దిగువ మడికి పారినట్టు ఇంగ్లీషులోకి పారినయ్. అది నిండితే చరిత్రలోకి. లెక్కల మడి నెర్రెలిచ్చి ఉంది, దాన్నీ నింపినయ్. ఆ తర్వాత ఏమైందో తెలుసా? యూనివర్సిటీ గడప దాటి రోడ్డెక్కినయ్. పిడుగురాళ్ల, దాచేపల్లి, దారి పొడుగునా పరీక్ష తప్పి ముసుగు తన్నినోళ్లు తెల్లారి లేచేసరికి అందరూ ప్యాసు. బర్రెలు కాసేవాడు బర్రె మీద కూర్చునే ప్యాసు.”

“మన పల్నాట్లో మడి నించి మడికి నీళ్లు ఏనాడు పారినయ్ బావా?” అన్నాడు ఖాసిం.

“అందుకేగా నేను రాయాల్సొచ్చింది” అన్నాడు బాబాయి.

నది సంగతి కోతేనని నాకూ తెలుసు. కానీ ఎంత కోతల మనిషైనా మార్కుల లెక్క ఊరికే చెప్పడు కదా అనుకున్నాను. నాక్కావలసిన జవాబు దొరికేసరికి ఒళ్లు తేలికైపోయింది.

“అయితే లెక్కలు వదిలేస్తా బాబాయ్. ఉన్నన్నాళ్లూ తెలుగే చదువుతా” అన్నాను.

బాబాయి ఏదో అనబోయాడు. లోపల చేట చప్పుడు ఆగింది.

“వదలమాక సుభాషిణీ” అన్నది పిన్ని. నలుగురిలో ఆయన మాటకు ఆమె అడ్డం రావడం నేను వినడం అదే మొదలు. “మీ బాబాయి తప్పింది ఆ లెక్కల్లోనే. తెలుగులో చానా మంచి మార్కులే వచ్చినయ్. వాటిల్లో ఒక్కటన్నా పక్కకి రాలా. దేనికదే ప్యాసవ్వాల.”

ఖాసిం తల ఎత్తకుండా కుట్టుకుంటూ పోయాడు. బాబాయి అరుగు రాయి కేసే చూస్తూ, అంతవరకూ నేను వినని చిన్న గొంతుతో అన్నాడు:

“రేపు ఆ పుస్తకం తీసుకురామ్మా. నాకు రాని లెక్కలు ఏవేవో నాకు బాగా గుర్తు. ముందు అవి నేర్చుకుందువుగాని.”

వాటితోనే మొదలుపెట్టాను. ఆ ఏడు లెక్కల్లో చచ్చీచెడీ బయటపడ్డాను.

ఒరేయ్ ఆనందరావూ, ఊళ్లో ఉన్న మేనల్లుడివి నువ్వే కాబట్టి అడుగుతున్నాను. బట్టలు కుట్టినాయన ఖాసిమా, ఖలందరా? బట్టీ ఆయన సుబ్బారావేనా? వాళ్లవాళ్లను అడిగి సరిచూడు. పిన్ని పేరు ఆదిలక్ష్మమ్మ అని రాశాను గాని, రామాయమ్మేమోనని ఇందాకటి నుంచీ గుబులుగా ఉంది. మిగతావి తప్పినా ఫరవాలేదు, ఆమె పేరు మాత్రం తప్పు పడకూడదు.