మునిరత్నం కారూ, గాజుసీసా

కూర్చో అప్పా, నిలబడుకునే అడిగితే ఎట్ల? ఆ ఫోను అవతల పెట్టు ముందు. నీళ్లలో గ్యాసు తీసి కారు నడిపేది నాకు సూపిస్తా ఉండావా? నలబై ఏండ్లకు ముందే మీ తాత మునిరత్నం ఇదే పాకాలలో ఆ పని చేసినాడు. మీ ఇంట్లో ఎవురూ చెప్పలేదా? చెప్పరులే. ఉండు, ఆ కిటికీ తెరువు, ఉక్కపోస్తాంది.

ఎనబయ్యో సమచ్చరం అనుకో. రైలుటేషను ముందర మీ తాతది నల్ల అంబాసిడరు, బాడుగ కారు. పక్కనే నా బ్యాటరీల అంగడి. పెట్రోలు రేటు చూస్తే ఆకాశంలో ఉండాది, రైలు దిగినోళ్లంతా బస్సుకే ఎగబడతాండారు. మీ అవ్వ తాయమ్మ తమ్ముడు రోజూ వచ్చేవాడు, ‘కారు అమ్మేసి నా రైసుమిల్లుకు రా బావా, నీడపట్టున కూర్చుందువు’ అనేవాడు. మీ తాతకు ఒళ్లు మండేది. ‘చెంగయ్యా, సావనైనా సస్తా గానీ వాని మిల్లు గడప తొక్కనురా’ అనేవాడు నాతో. ఇంగ ఏదో ఒకటి చేయాల గదా. యాడనో అరవ పత్రికలో బొమ్మ సూసినాడు. ఊరగాయ పెట్టే పెద్ద గాజుసీసా, దాంట్లో సబ్బులు చేసే సోడా కలిపిన నీళ్లు, రెండు స్టీలు రేకులు, వాటికి కారు బ్యాటరీ నుంచి నా అంగట్లో వైర్లు. రేకులు యాడివి అంటావా? మీ అవ్వ పెండ్లి తట్టలు, అన్నం తినే స్టీలు పళ్లేలు, కత్తిరించినాడు! ‘మా యమ్మ పెట్టిన తట్టలయ్యా, నీ చేతులు పడిపోనూ!’ అని ఆమె వీధంతా వినపడేట్టు అరిచింది. అబ్బబ్బా.

బుడగలు మాత్రం వచ్చినాయి. ఆ గ్యాసుని రబ్బరు పైపుతో ఇంజనుకు పెట్టి చంద్రగిరి దాకా పోయి వచ్చినాడు. ‘పెట్రోలు మిగిలిందిరా!’ అని నన్ను ఎత్తుకొని తిప్పినాడు. నిజంగా మిగిలిందా? ఏమో. సీసా పగులుతాదని కారుని నిండుచూలాలి మాదిరి తోలినాడు, అట్ల తోల్తే ఎవురి కారుకైనా మిగులుతాది. ఆ మాట నేను అనలా. వాని మొగం సూసి ఎట్ల అనేది, చెప్పు?

ఆ, నువ్వడిగింది మీ తాత కన్ను ఎట్ల పొయ్యిందని గదా. వస్తాండా, తొందర పెట్టబాకు. ఆయుధపూజ పొద్దు అది. కారు కడిగి, అరటి పిలకలు కట్టి, బానెట్టు ఎత్తి పెట్టినాడు, బుడగలు జనమంతా సూడాలని. సీసాకి కుంకం బొట్లు, వైర్ల మింద బంతిపూలు. ‘రాహుకాలం వస్తాంది, తెమలండయ్యా!’ అని మీ అవ్వ ఒకటే గోల. మీ తాత కర్పూరం తట్ట ఎత్తుకుంటా ‘చెంగయ్యా, వైరు పీకెయ్‌రా, గ్యాసు ఆగితేనే హారతి ఇయ్యాల’ అన్నాడు. చెయ్యి పెట్టినా. పెట్టినా గానీ... పూజలో పెట్టిన సామాను మర్నాడు దాకా కదిలించకూడదని మా యమ్మ చిన్నప్పట్నించీ చెప్పేది. ఆ పొద్దు నేను స్పానర్ కూడా తాకను. పూలు తీసి వైరు పీకేదానికి చెయ్యి రాలా. వెనక్కి తీసుకున్నా. ‘తీసినావా?’ అన్నాడు. ‘తీసినాన్రా’ అన్నా.

ఎందుకన్నానో నాకు ఈ పొద్దుకీ తెలీదు. వంగి తట్ట తిప్పినాడు, అంతే. ఢామ్మనింది. గాజుపెంకులు ఒకటా రెండా. కుడికన్ను పొయ్యింది. ఆసుపత్రిలో అందరూ అడిగినారు, ఎట్లయింది, ఎట్లయింది అని. నేను తలుపు కాడే నిలబడుండా. ‘వైరు తీసేది నేనే మరిచిపోయినా’ అన్నాడు మీ తాత. నా పక్కకు సూడను కూడా సూడలా.

ఒంటికన్ను డ్రైవరు కారు ఎవురెక్కుతారు? అమ్మేసినాడు, బామ్మర్ది మిల్లుకే పోయినాడు. సచ్చేదాకా ఆడనే పని. మీ అవ్వ దినామూ తిట్టేది, ‘ఒక్క వైరు తీసేది గుర్తులేకపోయె, సంసారం నాశనం చేసినావు గదయ్యా’ అని. ఆయన తల వంచుకొని అన్నం తినేవాడు. నేను మీ ఇంటి అరుగు మిందే కూర్చోని వింటాంటి. ఇరవై ఏండ్లు. ఆమె నాకు కాఫీ ఇచ్చేది, ‘మీరైనా వైరు సంగతి గుర్తు చేయకూడదా అన్నా ఆ పొద్దు’ అంటా ఇచ్చేది. నేను తాగతాంటి.

బస్సు టైమయింది, నువ్వు పో.