మూడో నంబరు మెషిన్ కక్కిన తెల్ల పొగ

"టీ అక్కా, మేడమ్ గారికి స్ట్రాంగుగా, నాకు పంచదార దండిగా! మెకానిక్ బాబాయ్, ఆ బెంచీ మీద కాస్త జరుగు. ఒరేయ్ బావమరిదీ, నేల చూపులు చూస్తే ఏం లాభం, ఇలా రా! మేడమ్ గారూ, ఈ సాయంత్రం వీణ్ణి ఉద్యోగంలోంచి తీసేస్తారో ఉంచుతారో మీ ఇష్టం. పార్కు మొత్తానికి పెద్ద మీరు, మధ్యలో నేనెవర్ని? వీడి మూడో నంబరు గడ్డి కోసే మెషిన్ శుక్రవారం పొద్దున పొగ కక్కి చచ్చిందా లేదా? చచ్చింది. దానంతటదే చస్తుందా?"

"గురువారం పాపకి జ్వరమని సెలవు పెట్టా బావా," అన్నాడు బావమరిది. "శుక్రవారం వచ్చి స్టార్ట్ చేద్దామని తాడు లాగితే పొగ. నేనేం చెయ్యలేదు."

"విన్నారా! మా ఆవిడ నాలుగు రోజులుగా 'మా తమ్ముడి గురించి మేడమ్‌కి ఒక్క మాట చెప్పండి' అని నా ప్రాణం తోడేస్తోంది. ఏం చెప్పను? వీడికి డెక్కు కడగడం రాదు, అదీ సంగతి. డెక్కు కడగడమంటే నేను కడిగానండీ, పదేళ్ల కిందట, వేరే ఊళ్లో, వేరే పార్కులో!"

"డెక్కంటే ఏంటన్నయ్యా?" అడిగింది టీ అక్క.

"బ్లేడు మీద మూకుడు బోర్లించినట్టు ఇనప రేకు ఉంటుంది చూడు, అదే. తడిగడ్డి కోస్తే లోపలంతా అంటుకుని అట్టగడుతుంది, ఇంక బ్లేడు తిరగదు, గడ్డి తెగదు. అలాంటి మెషిన్ ఒకటి నా చేతికొచ్చింది. పదిమంది చూసి దండం పెట్టి వెళ్లిపోయారు. నేను చొక్కా చేతులు మడిచా!"

"ముందు ప్లగ్గు వైరు పీకావా?" అన్నాడు మెకానిక్ బాబాయ్, టీ ఊదుకుంటూ.

"పీకకుండా చెయ్యి పెడతానా బాబాయ్, వేళ్లు మిగలద్దూ! వైరు పీకా, మెషిన్ని ఒక పక్కకి పడుకోబెట్టా, పాత గరిట పట్టుకుని గోకడం మొదలెట్టా. ఒక బుట్ట గడ్డి వచ్చింది. రెండు బుట్టలు. ఏడు బుట్టలు! గోకుతుంటే టంగుమంది. ఏంటా అని చూస్తే క్రికెట్ బంతి. ఇంకాస్త గోకితే పాత వాచ్‌మన్ కళ్లజోడు, పాపం ఆయన రిటైరై మూడేళ్లైంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంకా లోపల కోడిపెట్ట! గుడ్లు పొదుగుతూ కూర్చుని నన్ను చూసి కసిరింది!"

"తిరిగే బ్లేడు పైన కోడిపెట్టా?" మేడమ్ నవ్వు ఆపుకోలేకపోయింది.

"ధైర్యం గల పెట్ట మేడమ్! దాన్ని గుడ్లతో సహా బయటికి పంపి, రేకుని తోమా చూడండి, తళతళా మెరిసిపోయింది. పైన విమానం నడిపేవాడు ఆ వెలుక్కి కళ్లు చెదిరి పక్కూళ్లో దింపేశాడు! గడ్డి మళ్లీ అంటుకోకుండా నూనె రాసి, మెషిన్ని నిలబెట్టి, ఎర్ర టేపు చుట్టిన ఆ హ్యాండిల్ గట్టిగా పట్టుకుని తాడు లాగా. అంతే! పొగ! తెల్లటి పొగ! ఊరంతా మబ్బు పట్టిందనుకుని జనం గొడుగులు తెరిచారు, స్కూలు పిల్లల్ని ఇళ్లకి పంపేశారు! ఆ పొగలోంచి మెషిన్ ఒక్కసారిగా గాల్లోకి లేచింది, నేను హ్యాండిల్‌కి వేలాడుతున్నా, కింద పార్కు ఇంతే కనబడుతోంది. చెట్ల కొసలన్నీ సమంగా కత్తిరించుకుంటూ మూడు చుట్లు తిరిగి..."

"ఆగాగు," అన్నాడు మెకానిక్ బాబాయ్. "పడుకోబెట్టావన్నావు. ఏ పక్కకి?"

"కుడి పక్కకి."

"కుడి పక్కన గాలి ఫిల్టరు ఉంటుంది. ఆ పక్కకి పడుకోబెడితే ఇంజిన్లో ఆయిలంతా ఫిల్టర్లోకి దిగుతుంది. తర్వాత తాడు లాగితే తెల్ల పొగే. శుక్రవారం నేను మూడో నంబరు విప్పితే ఫిల్టరు ఆయిల్లో నానిపోయి ఉంది."

"అది ఇక్కడి మెషిన్ బాబాయ్! నేను చెప్పేది పదేళ్ల కిందట..."

"పదేళ్ల కిందటి మెషిన్‌కి ఎర్ర టేపు ఎవరు చుట్టార్రా? మూడో నంబరు హ్యాండిల్ విరిగితే పోయిన బుధవారం నేను చుట్టా, ఈ చేతుల్తో. షెడ్డు మొత్తంలో ఎర్ర టేపు ఆ ఒక్కదానికే ఉంది."

మేడమ్ గ్లాసు కింద పెట్టింది.

"గురువారం వీడు లేనప్పుడు మూడో నంబరు నువ్వు తీశావా?"

"అంటే... నా మెషిన్ డెక్కు నిండిపోయి గడ్డి తెగట్లేదు మేడమ్. కడగాలంటే నడుం నొప్పి. అందుకని వీడిది తీసుకున్నా. వాన పడ్డ గడ్డి కదా, అదీ నిండిపోయింది. అలాగే పెట్టేస్తే వీడికి తెలిసిపోతుందని కాస్త గోకి... తాడు లాగితే పొగొచ్చింది. చప్పుడు చెయ్యకుండా పెట్టేసి వచ్చేశా."

"ఇప్పటిదాకా చెప్పినదంతా కోతలే," అన్నాడు బాబాయ్. "తెల్ల పొగ ఒక్కటే నిజం."

మేడమ్ బ్యాగులోంచి బావమరిదిని పనిలోంచి తీసేసే కాయితం తీసి నాలుగు ముక్కలు చేసింది. "నువ్వు రేపు పనిలోకి రా," అంది బావమరిదితో. తర్వాత బావ వైపు తిరిగింది. "నువ్వు ఒక గంట ముందే రా. అయిదు మెషిన్లు, అయిదు డెక్కులు. పెట్ట దొరికితే నాకు చూపించు."

టీ అక్క పకపకా నవ్వేసింది. బావమరిది కళ్లు తుడుచుకుని, నాలుగు రోజుల తర్వాత మొదటిసారి తలెత్తి చూశాడు.

"బావా, ఈ కథ అక్కకి నువ్వే చెప్తావా, నన్ను చెప్పమంటావా?"