కృపమణి టీచరు పేర్లు చెప్పుకునే ఎండాకాలం

కూచో సుష్మమ్మా, ఆ నీడలో కూచో. ఈ ఎండలో ఇల్లిల్లు తిరిగి శాలెలో చేరే పిల్లోల్ల పేర్లు రాసుకుంటాండావా? ఫోన్లోనా? అదేందో తల్లీ, ఫోన్లో రాస్తే నాకు రాసినట్టే ఉండదు. మన ఊర్లో పేర్లు రాసుకునేదంటే కృపమణి టీచరే. నీకు తెలీదులే, నువ్వు పుట్టకముందు మాట. మన తెలుగు శాలెలో ఒగటో తరగతి ఆమెదే. తక్కిన మేష్ట్రులు ఏప్రిల్లో సెలవులిచ్చి రజా అంటానే బ్యాగులు సర్దుకోని బళ్ళారి బస్సెక్కుతాండ్రి. ఆమె యాడికీ పోదు. మా ఇంటిది తిమ్మమ్మ అడిగేది, "ఏం టీచరమ్మా, నీకు లేదా రజా?" అని. "పిల్లోల్లకు రజా తిమ్మక్కా, నాకు ఇప్పుడే కదా పని" అనేది. మెత్తని మాట. ఆమె గొంతు లేచింది నేనెప్పుడూ వినలే.

ఏం పనంటావా? చింతపిక్కలు కడిగి ఎండబెట్టి, గుడ్డసంచుల్లో పదేసి పోసి కట్టేది, పిల్లోల్లకు లెక్కలు నేర్పేకి. గుంటగలగరాకు, బొగ్గు కలిపి నూరి నల్లబల్లకు పూసేది. ఆ ఆకు కాలవగట్టు మింద నుంచి నేనే తెచ్చిస్తాంటి. ఇంగ బుక్కులు. కన్నడ బుక్కులు జల్ది వస్తాండె, మన తెలుగువి శాలె తెరిచి రెండు నెలలైనా వచ్చేటివి కాదు. అందుకని ఊరంతా తిరిగి పాత క్యాలెండర్లు అడిగి తెచ్చుకోని, వెనకపక్క పాఠాలన్నీ ఇంతింత అక్షరాల్తో రాస్తాండె. మా ఇంట్లో ఎంకటరమణసామి క్యాలెండరు ఇచ్చేకి తిమ్మమ్మ గొణిగె, "ఆయమ్మ కిరస్తానీ కదా, మన సామిని ఏం చేస్తాదో" అని. అది ఆమె చెవిన పడింది. సామి బొమ్మ వరకు కత్తెరతో నీట్‌గా కత్తిరించి వెనక్కిచ్చి, మిగిలిన కాగితం మాత్రం తీసుకుని పోయె. మా తిమ్మమ్మ మొగం చూడల్ల అప్పుడు!

యాడో పోతాండా చూడు. పేర్లు కదా చెప్తాంటి. మే నెలలో ఇల్లిల్లు తిరిగి రాసుకునేది, రిజిస్టరు పేరు కాదు, ఇంట్లో తల్లి ఏమని పిలుస్తాదో ఆ పేరు. దేనికి భయపడతాడు, ఏం పెడితే తింటాడు, అన్నీ అడిగేది. మొదటి దినం ఏడ్చేటోన్ని తల్లి పిలిచినట్టు పిలిస్తే ఏడుపు నిలుస్తాదంట. ఆ ఏడు మా చిన్నుగాడు చేరల్ల. వాని పేరూ రాసుకోని పోయె. ఒగ వారానికి, తెల్లారగట్ల చేనుకు నీళ్ళు తిప్పేకి పోతాంటి. టీచరమ్మ ఇంటి ముందర్నే దోవ. కిటికీ తెరిచుండాది. లోపల మోకాళ్ళ మింద కూచోని, కండ్లు మూసుకోని, "ప్రభువా, ఓబులేష్ బిడ్డను చూడు, దానికి చెవి నొప్పి. నారపప్ప కొడుకు చిన్నును చూడు, వానికి బెదురెక్కువ" అంటాండాది. నాకు ఒళ్ళు మండె. అడక్కుండా నా కొడుకును వాళ్ళ మతంలో కలిపేస్తాండాది అనుకుంటి. అంతే నా బుద్ధి! వీధిలోనే నిలబడి అరిస్తి, "నా కొడుకు పేరు మీ దేవుని రిజిస్టర్లో యాల ఎక్కిస్తివి?" అని. ఆమె బయటికొచ్చె. "లేదు నారపప్పా, ఏటేటా ఎండాకాలం అందరి పేర్లూ ఇట్లే చెప్పుకుంటా. బిడ్డ నా మనసులోకి రాకుంటే పాఠం ఎట్ల చెప్పేదప్పా?" అనె. నేను వింటే కదా. పేరు కొట్టేస్తావా లేదా అంటి. రాసుకున్న బుక్కు తెచ్చి నా ముందర్నే కొట్టేసె. నేను అంతటితో సుమ్నె ఊరికే ఉంటినా? ఇంకో ఐదిండ్లు తిరిగి, ఆ పిల్లోల్లను గూడా హచ్చొళ్ళికి, కన్నడ శాలెకు పంపిచ్చేటట్టు చేస్తి.

జూన్ వచ్చె. ఒగటో తరగతిలో మిగిలింది నలుగురు. ఆఫీసోల్లు చూసి, నలుగురికి ఒగ టీచరు యాల అని ఆమెను బళ్ళారి పక్కకు బదిలీ వేసిరి. రాసిన పాఠాలు, పిక్కల సంచులు అన్నీ శాలెలోనే పెట్టి, ట్రంకుపెట్టె ట్రాక్టర్లో ఏసుకోని పోయె. పోతా పోతా మా ఇంటి ముందర నిలిపిచ్చి, "చిన్నుకు బెదురు తగ్గిందా నారపప్పా?" అని అడిగె. నేను లోపలే ఉంటి. బయటికి రాలే. నాలుగడుగులు, అంతే కదమ్మా. వచ్చింటే ఏం పోతాండె? చిన్నుకు ఆ కన్నడ శాలె పట్టలే. నాలుగో తరగతికే మానేసె. మంచోడే, సండూరు పక్క లారీ నడుపుతాండాడు, తెలుగులో పేరు గూడా రాయలేడు. మల్ల ప్రతి ఎండాకాలమూ ఆ దోవన పోతే కిటికీ మూసి ఉంటాండె. ఆ గొంతు కోసరం ఆడ ఊరికే నిలబడుకుంటాంటి. చాలా బేజారయ్యేది. ఎవరికీ చెప్పుకోలేక పోతి.

పదైదేండ్లకు ధైర్యమొచ్చె. బుట్టలో మామిడిపండ్లు ఏసుకోని బళ్ళారికి పోతి, తప్పైపోయిందమ్మా అని చెప్పేకి. ఆమె మొగుడు సాలొమోనప్ప తలుపు తీసె. "పోయి మూడు నెలలాయె నారపప్పా" అనె. పండ్లు యాడ పెట్టల్లో గూడా నాకు తెలీలే. ఆఖర్లో ఆమెకు మతి తప్పిందంట. మొగున్నే గుర్తుపట్టేది కాదంట. తెల్లారితే మాత్రం లేచి కూచోని మన ఊరి పిల్లోల్ల పేర్లు చెప్తాండెనంట. నేను అడిగితి, ఏ మొగం పెట్టుకోని అడిగితినో గానీ అడిగితి, "మా చిన్ను పేరు చెప్తాండెనా?" అని. సాలొమోనప్ప నా చేతిలో బుట్ట తీసుకోని కింద పెట్టె. "ఆ పేరు కాడికొస్తే నిలిచిపోతాండె. వాడింకా రాలేదే, తలుపు తీసి పెట్టండి అంటాండె" అనె.

...

నీళ్ళు తాగినావా? ఎండ మీదికొస్తాండాది. పక్క వీధిలో హులిగప్ప ఇంట్లో ఇద్దరుండారు చిన్నపిల్లోల్లు. పో తల్లీ, ముందు ఆడికి పో.