కోట కింద దొరికింది డీలియానే

నా పేరు సబీనా లావెల్. వయసు ముప్పై ఎనిమిది. పెళ్లి కాలేదు. మేజోళ్లు అల్లి అమ్ముకుంటాను. ఐర్లండ్‌లో మేయో జిల్లా కిల్‌బ్రాక్ మా ఊరు. చనిపోయిన డీలియా నా చెల్లెలు. ఆమె మొగుడు ఫెస్టస్ గిల్డీ.

1909 అక్టోబరు చివరి గురువారం మధ్యాహ్నం ఫెస్టస్ మా ఇంటికొచ్చాడు. "వదినా, డీలియాని కోటవాళ్లు ఎత్తుకుపోయారు" అన్నాడు. కోటంటే వాడి పొలంలో ముళ్లచెట్ల మధ్య ఉన్న గుండ్రటి మట్టిదిబ్బ. అందులో కంటికి కనబడని జనం కాపురముంటారట.

ఊరంతా నమ్మింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ. పక్కింటి పెగ్గీ అయితే మా డీలియా తెల్లగుర్రమెక్కి పోతుంటే చూశానంది. పెగ్గీకి వాకిట్లో తిరిగే సొంత బాతే కనబడదు. "ఏడవకే సబీనా, లోపల రాణిలా ఉంటుంది" అని నన్ను ఓదార్చింది కూడా. ఫెస్టస్‌కి ఇంటికొకరు పందిమాంసం, క్యాబేజీ వండి పంపారు. గొర్రె తప్పిపోతే కొండలన్నీ గాలించే మగాళ్లు నా చెల్లెలి కోసం ఒక్క కంచె దాటలేదు.

ఆదివారం చర్చి నుంచి నేరుగా కోటకెళ్లాను. ఒక్క చోట గడ్డి వాడిపోయి ఉంది, పెళ్లలు కోసి మళ్లీ పరిచినట్టు. అక్కడ పార దించితే చస్తామని తాతల నాటి నుంచీ ఎవరూ దించలేదు. దాచడానికి అంతకన్నా మంచి చోటు లేదని ఫెస్టస్‌కి తెలుసు. కానిస్టేబుల్‌ని పిలుచుకొచ్చాను. ఆయన కంచె దగ్గరే ఆగిపోయి, "నాకు పిల్లలున్నారమ్మా" అన్నాడు. ఈ ముక్క కూడా నా వాంగ్మూలంలో రాసుకోండయ్యా. బంగాళదుంపలు తవ్వే పారతో నేనే తవ్వాను. మోకాలి లోతులో డీలియా ఉంది. మెడకి తన శాలువాయే బిగించి ఉంది.

ఇప్పుడు ఫెస్టస్, "అది నా పెళ్లాం కాదు, కోటవాళ్లు దాని రూపంలో వదిలిపోయిన కట్టె" అంటున్నాడట. ఊరు మళ్లీ తలూపుతోంది. డీలియాని పడుకోబెట్టిన పెట్టె మొయ్యడానికి నలుగురు మగాళ్లు దొరకలేదు. సిగ్గులేని ఊరు. కట్టెకీ మనిషికీ తేడా నాకు తెలుసు. డీలియా ఎడమ చిటికెన వేలు వంకర. చిన్నప్పుడు తలుపు సందులో పడితే నేనే కట్టు కట్టాను, సరిగా కట్టలేదు. నిన్న ఆ వేలు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

ఇదంతా నాకు చదివి వినిపించారు. అబద్ధం ఒక్కటీ లేదు. 'శవం' అని రాసిన ప్రతిచోటా కొట్టేసి పేరు రాయమన్నాను. రాశారు.

(సంతకం) సబీనా లావెల్