గసాంత్ పడవ కింద అద్దెకున్నవాళ్ళు

(కేప్ టౌన్ దిగువన సముద్రపు ఒడ్డు. పెరట్లో బోర్లించిన చిన్న చెక్క పడవ. దాని ముందు కుర్చీలో గసాంత్. పడవ అంచు పట్టుకుని అతని భార్య తమ్ముడు రిద్వాన్.)

"చెయ్యి తియ్యరా రిద్వాన్."

"తియ్యడమేంటి బావా, నువ్వూ ఓ చెయ్యి వెయ్యి. తిరగేసి నీళ్ళలోకి తోసేద్దాం. స్నూక్ చేప దిగి ఇవాళ్టికి మూడో రోజు. నిన్న అఖ్మత్ వాళ్ళ పడవ మునిగిపోయేంత పడిందట."

"రంగు ఆరలేదు."

"రంజాన్ పండక్కి వేసిన రంగు అది."

"నడుం పట్టేసింది."

"మూడ్రోజులు కుర్చీ దిగకపోతే పట్టక ఏం చేస్తుంది."

"శుక్రవారం పూట జుమ్మా నమాజు వదిలి సముద్రం మీదికి పోకూడదని మా నాన్న..."

"ఇవాళ మంగళవారం బావా."

"మరీ మంచిది. ఆలోచించుకోడానికి టైముంది."

"బావా. దాని కింద ఏముంది?"

"ఏముంటుంది, చీకటి ఉంటుంది."

"చీకటి గాడిదలా ఓండ్రపెట్టిందేంటి?"

"విన్నావా."

"వీధి చివరిదాకా వినపడింది. పెంగ్విన్ దూరిందా?"

"దూరడం కాదురా, కాపురం పెట్టింది. మొగుడూ పెళ్ళాం వంతులేసుకుని పొదుగుతున్నారు. నాది పడవ కాదిప్పుడు, పడగ్గది."

"అద్దెన్నా ఇస్తున్నారా?"

"రోజూ ఇస్తున్నారు. తెల్లగా, చిక్కగా, గుమ్మం ముందే పోస్తున్నారు. మీ అక్క కడుగుతోంది."

"నవ్వించకు బావా, నాకు నవ్వు రావట్లేదు. ఈ చేప పది రోజులుంటే గొప్ప. నీ పడవ నీళ్ళ మీద ఉంటేనే రెండిళ్ళలో పొయ్యి వెలిగేది. పొదగడం ఎన్నాళ్ళు?"

"నలభై రోజులు. పిల్లలు నీళ్ళలోకి దిగడానికి ఇంకో రెండున్నర నెలలు. వాళ్ళ పొదుగుడు అయ్యేదాకా మనకి పొదుపు."

"మొన్న బళ్ళో పిల్లలకి పెంగ్విన్ల గురించి నువ్వు నూరిపోసిందంతా ఇప్పుడు నా మీద పొయ్యకు. కారు తీసేముందు కిందికి వంగి చూడండి, కుక్కని కట్టెయ్యండి, గూటి జోలికి పోకండి, దీవుల చుట్టూ సార్డీన్ చేపల్ని పెద్ద ఓడలు ఊడ్చెయ్యకుండా అడ్డుపడండి. గంటంబావు. పిల్లలు నిద్రపోయారు, టీచరమ్మ కూడా."

"హెడ్మాస్టరు నిద్రపోలేదు."

"ఆయన వచ్చాడా?"

"రాలేదు."

"నిజం చెప్పు. అవి లేకపోతే మనకేం మునిగిపోతుంది?"

"మనమే మునుగుతాం. అవి తినేదీ సార్డీనే, స్నూక్ తినేదీ సార్డీనే. అవి పస్తుంటే స్నూక్ మాత్రం ఏం చూసి వస్తుందిరా? మా నాన్న పెంగ్విన్ పొట్ట చూసి చెప్పేవాడు, ఆ యేడు మన పొట్టల సంగతి. పైగా వాటి ఇల్లు పీకింది మనవాళ్ళే. దీవుల మీద పక్షుల రెట్ట నిలువెత్తు పేరుకుని ఉండేది. అందులో గుంటలు తవ్వుకుని చల్లగా గుడ్లు పెట్టేవి. మా తాత పారతో గీకి ఓడలకెత్తాడు, తెల్లోళ్ళ పొలాలకి. తాత ఎత్తింది ఎరువు, నాకు మిగిలింది బరువు."

"నువ్వు పెట్టెలు చేసి పెట్టావుగా, గూళ్ళకని. పన్నెండు."

"ఒక్కటీ తొంగి చూడలేదు. నా వడ్రంగం మీద వాటికీ మీ అక్కకీ ఒకటే అభిప్రాయం."

"అందులో ఒకటి ఇటు తీసుకురా. నేను ఈ పక్క మెల్లగా ఎత్తుతాను, నువ్వు గుడ్లు పెట్టెలోకి జరుపు. ఎవరు చూడొచ్చారు?"

"వద్దు."

"ఒక్క నిమిషం పని."

"వద్దన్నానా. పడవ కదిలిందంటే తల్లి బెదిరి పరిగెడుతుంది. సీగల్ పక్షి గోడ మీదే కాచుక్కూచుంటుంది. నువ్వు కేకేసేలోపు గుడ్డుని ముక్కున కరుచుకుపోతుంది. రాళ్ళు విసురుతూ నువ్వు బురదలో పడతావు, అది కొండ దాటిపోతుంది."

"కళ్ళారా చూసినట్టే చెప్తావు. అందుకే నిన్ను బళ్ళోకి పిలుస్తారు."

"మానెయ్యమంటాను ఇక."

"ఎందుకూ? పోయినేడు ఇవి నా షెడ్డులో దూరినప్పుడు నాలుగు నెలలు తలుపు తియ్యనివ్వలేదు నన్ను. వలలన్నీ లోపలే. ఎదుటోళ్ళ నోటి కాడ కూడైతే ఎన్నైనా చెప్తాడని ఊరంతా తిరిగి తిట్టాను. ఇవాళ నీ కూడు నువ్వే కాదనుకుని కాపలా కూర్చున్నావు."

"ఆపరా."

"అననీ బావా, రోజూ అంటానా ఏంటి. పెద్ద నోరే అనుకున్నాను, మనిషీ పెద్దోడివే. సరే, రేవులో ఎవరి పడవలోనైనా కూలికెళ్తాను. సాయంత్రం వచ్చి నీతో కూర్చుంటాను. గుడ్లు రెండూ బాగున్నాయా?"

"ఒకటే ఉంది."

"రెండు పెడుతుందిగా ఎప్పుడూ."

"రెండే పెట్టింది. స్నూక్ దిగిందని కబురొచ్చిన పొద్దున, నువ్వింకా లేవకముందే, ఈ పడవ ఎత్తింది నేనేరా."