గాలిసంచులు తొక్కిన ఐలేశం

ఆలేరు టేషన్ రోడ్డు మీద జంగమ్మ చాయ్ కొట్టు కాడ కూసున్నం. పొద్దటిసంది ముసురు. ఎదురుంగ గోదాం ముందు డీసీఎం బండి ఆగి ఉన్నది. పాత కార్లు ఇప్పే షెడ్డుకెళ్లి వచ్చిన ఎయిర్‌బ్యాగులు యూరియా బస్తాలల్ల కుక్కి దాంట్లెక్కియ్యాలె. పట్టకుంటే ఎక్కి తొక్కాలె. పత్తి తొక్కుడు నా పనే కాబట్టి నన్నే తొక్కుమన్నరు. నేను ఈ హమాలీ ముఠాకు కొత్త, అచ్చంపేట దిక్కుకెళ్లి ఈ పత్తి సీజనుకే వచ్చిన. కాళ్లకు గోనెపట్టలు చుట్టుకున్న గని పానం ఒప్పుతలేదు.

మా ముఠా పెద్ద ఐలేశం నా మొఖం చూసి చాయ్ గిలాస పట్టుకొని అందుకున్నడు. ఆయన కోతలకు కొడవలి పని లేదు.

"డానియల్ తమ్మీ, గాలిసంచికి భయపడుతున్నవా? గుడ్డసంచి మడిచి ఉంటది, దాని కింద ఇనుప డబ్బల జరంత మందు. కారు గుద్దుకుంటే మందు పేలి సంచి ఉబ్బుతది, గంతే కద. నేను జడ్చర్ల దిక్కు ఓ కంపెనీ గోదాంల చేసేటప్పుడు గివే కొత్తయి వస్తుండె. అబ్బో, రూల్సు ఇనాలె నువ్వు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క అట్టడబ్బ, లోపల కదలకుంట థర్మకోల్, సంచి ఉబ్బే దిక్కు మీదికి, డబ్బ మీద పేలుతున్న బొమ్మ, డ్రైవర్ చేతుల కాయితం. పటాకులు ఎట్లనో గివీ గట్లనే అని పట్నం సారొచ్చి చెప్పిండు. సారు ముంగట ఓ డబ్బ కట్టిన. ఊపి చూసిండు, చెవికాడ పెట్టుకున్నడు, లోపల ఏమన్న పెట్టినవా ఐలేశం అన్నడు."

"గంత గట్టిగనా" అన్నడు బండి డ్రైవర్ అబూబకర్.

"గంత గట్టిగనే భాయ్. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? ఆ డబ్బను ఇప్పకుంట విమానంల దేశదేశాలు తిప్పిన్రు, కడితే గిట్ల కట్టాలె అని. ఇయ్యాల్టికి సముద్రం అవుతల ఏ గోదాంల తాడు బిగిచ్చినా దాన్ని ఐలేశం ముడి అనే అంటరు."

అందరు నవ్విన్రు. గిలాసలు కడుగుతున్న జంగమ్మ పెనిమిటి బీరన్న గూడ మా మొఖాలు చూసి నవ్విండు. ఆయన మాట్లాడంగ నేను ఎన్నడూ చూడలే. నెమ్మది మనిషి అనుకున్న.

"మరి డబ్బలు లేకుంట తొక్కితేనో" అన్న నేను.

"తొక్కితే ఏమైతది? పోయినేడు గీ గోదాం ముంగటనే తొక్కిన. పత్తి తొక్కినట్టు మడిమెలతోని తొక్కుతున్న. కింద ఒకటి గోలీసోడ కొట్టినట్టు కీచుమన్నది. అంతే, లేసిన. కరెంటు తీగెల మీదికెళ్లి, కాజీపేట రైలుబండి మీదికెళ్లి, నల్లగొండ మీదికెళ్లి, నల్లమల మీదికెళ్లి పోతనే ఉన్న. అడివిల పెద్దపులి తల ఎత్తి చూసి పక్కకు జరిగింది."

"నువ్వు మీద పోతుంటే అదెందుకు జరిగింది?"

"నా నీడకు జరిగింది భాయ్. గప్పుడు సంచి గొడుగు లెక్క ఇచ్చుకున్నది. సల్లగ ఆలంపూర్ల దిగిన, తుంగభద్రల కాళ్లు కడుక్కొని జోగులాంబ తల్లికి మొక్కిన. ఇంక బస్తాలు మిగిలినయని యాదికొచ్చింది. జేబుల ఇంకో గాలిసంచి ఉండె. దాన్ని తొక్కి మళ్ల లేసి, మళ్ల అదే బండిల పడ్డ. జంగమ్మ పోసిన చాయ్ ఇంక పొగలు కక్కుతనే ఉన్నది. గంత దగ్గర పేలినా నాకు చీమ కుట్టినట్టన్న కాలే. కావాల్నంటే జంగమ్మను అడుగు."

అబూబకర్ నవ్విండు. ముఠాల పాతోళ్లు మాత్రం ఈసారి నవ్వలే, తలకాయలు దించుకున్నరు.

జంగమ్మ పొయ్యి బందు చేసింది. "నువ్వు బస్తాలు అందిచ్చినవు అన్నా. తొక్కింది మా ఆయన" అన్నది.

ఆమె పోయి బీరన్న ఈపు ఎనుక నిలవడ్డది. "బీరన్నా" అని పిలిచింది. మొగన్ని పేరు పెట్టి పిలిచే ఆడిదాన్ని మా దిక్కు నేను చూడలే. ఇంకింత గట్టిగ పిలిచింది, రోడ్డు అవుతల షెటరు తీస్తున్న మనిషి తిరిగి చూసిండు. బీరన్న మాత్రం గిలాస తిప్పుకుంట కడుగుతనే ఉన్నడు.

"ఇంతకుముందు పేరు పెడితే చెంప పలగ్గొడుతుండె. ఆ సంచి పేలిన దినంసంది రోజు పేరు పెట్టే పిలుస్తున్న. ఒక్కసారన్న తిడుతడేమో అని" అన్నది జంగమ్మ.

వంగి కాళ్లకున్న గోనెపట్టలు ఇప్పి బల్ల మీద పెట్టిన. అబూబకర్ లేసి బండి తాళంచెవి జేబుల ఏసుకున్నడు. డబ్బలు తెచ్చి ఒక్కొక్కటి కడితేనే బండి కదులుతది అన్నడు. ఐలేశం ఆయన దిక్కు చూడలే, చల్లారిన చాయ్ దిక్కే చూసుకుంట కూసున్నడు.

బీరన్న తలకాయ ఎత్తిండు. కథ చెప్పుకుంట ఎగిరిన ఐలేశం చేతులు ఆగిపోయినయని చూసిండు. మొఖం నిండ నవ్వుకుంట, ఊరంత ఇనవడేటట్టు అడిగిండు.

"అయిపోయిందా కథ? ఈసారి యాడ దిగినవే ఐలేశం?"