చీమల పొడి

2009, వానాకాలం. నిషేధించిన పాత పురుగుమందులు పోగుచేసుకుపోవడానికి పర్చూరు దగ్గర పల్లెకొచ్చిన వ్యవసాయశాఖ ఉద్యోగి శ్రీకృష్ణ, మిరప రైతు భార్య హనుమాయమ్మ వాకిట్లో నిలబడ్డాడు. ఆమె ఒక పట్టాన ఇచ్చే మనిషి కాదు.

"లేదన్నాను కదా బాబూ. ఎప్పుడో అయిపోయింది."

"సగం బస్తా ఉందని పక్కింటి సుబ్బరావమ్మగారు చెప్పారండీ."

"దాని నోట్లో నువ్వుగింజ నానదు. సగం లేదు. అడుగున కాస్త ఉంది."

"ఆ కాస్తే ఇవ్వండి. పన్నెండేళ్ల కిందటే ఆపేసిన మందండీ బీహెచ్‌సీ. మొన్న మే నెలలో దేశాలన్నీ జెనీవాలో కూర్చుని, ఇదిక ఎక్కడా ఉండకూడదని రాసుకున్నాయి."

"మా ఇంట్లో బస్తా కోసం అంత దూరం పోయి కూర్చున్నారా?"

"చల్లితే ఏళ్ల తరబడి పోదండీ అది. నీళ్లలోకి, చేపల్లోకి, చివరికి తల్లిపాలలోకీ వస్తుంది."

"నేను చేలో చల్లడం లేదుగా. వచ్చే నెల ఇస్తాలే."

"అప్పటిదాకా దేనికి?"

"పనుంది."

"ఏం పనండీ?"

"మా అమ్మాయి శ్రీరమ్య బాలింత. ఇవాళ్టికి తొమ్మిదో రోజు. పాలవాసనకి చీమలు చంపుతున్నాయి. మంచం కోళ్ల చుట్టూ గీత గీస్తున్నాను."

"కోళ్ల కింద నీళ్ల చిప్పలు పెట్టుకోవచ్చుగా?"

"పెట్టాను. పాడు చీమలు, గోడమ్మట దిగుతున్నాయి."

"గోడమ్మట దిగేవి గీత గీస్తే మాత్రం ఆగుతాయా?"

"ఏదోలే."

"అమ్మా, గీతేనా? ఇంకెక్కడైనా వాడుతున్నారా?"

"బొడ్డు ఇంకా ఊడలేదు బాబూ. ముందు అక్కడికే చేరతాయి. స్నానం చేయించాక కాస్త... కాస్తే... అద్దుతున్నాను."

"బిడ్డకా? ఈ పొడా?"

"అరవకు. పిల్ల ఇప్పుడే నిద్రపోయింది."

"పాలు తాగుతోందా?"

"నిన్నటి నుంచి పట్టడం లేదు. ఉండుండి కాళ్లూ చేతులూ కొట్టుకుంటోంది. దిష్టేమో అనుకున్నాను."

"దిష్టి కాదు. ముందు సబ్బుతో ఒళ్లు కడగండి. బయట జీపుంది, చీరాల ఆసుపత్రికి పోదాం. వింటున్నారా?"

"వింటున్నాను."

"వింటూ కూర్చుంటే ఎలా? లేవండమ్మా."

"నాకు శ్రీరమ్యకంటే ముందు నలుగురు పుట్టారు. నలుగురూ ఇంతే. కాళ్లూ చేతులూ కొట్టుకుని, పదిరోజులు దాటకుండానే పోయారు."

"అమ్మా, అవన్నీ తర్వాత, ముందు పిల్లని—"

"శ్రీరమ్య పుట్టిన ఏడాది ఈ పొడి ఎక్కడా దొరకలేదు బాబూ. దానికొక్కదానికే అద్దలేదు."